బాణం ప్రకారం నీళ్లు

సాలివీధికి వరద పడవలు వచ్చిన రోజున ఆ వీధిలో గుక్కెడు మంచినీళ్లు లేవు. ఈ వాక్యంలో అచ్చుతప్పు ఏమీ లేదు. పడవలు పంపించమని ఫైలు రాసింది నేనే కాబట్టి నా మాట నమ్మవచ్చు. మా పురపాలక సంఘం ఇంజనీరింగు సెక్షనులో నేను సీనియర్ అసిస్టెంటును.

ఊరి పేరు చెప్పను. ఉత్తరాంధ్రలో ఒక మెట్టను ఆనుకుని ఉంది. మెట్ట మీద మంచినీళ్ల ట్యాంకు, ట్యాంకు కింద ఒక గొయ్యి, గొయ్యిలో ఒక వాల్వు. ఈ గొడవంతా ఆ వాల్వుది కనక దాని సంగతి కాస్త ఓపిగ్గా వినాలి. అది పోత ఇనుముతో చేసిన మూడు నోళ్ల వాల్వు. ఒక నోటితో ట్యాంకు నీళ్లు తాగుతుంది, తక్కిన రెండింట్లో ఏదో ఒక నోటితో వదులుతుంది. లోపల తలుపులాంటి రేకు ఉంటుంది. పైనున్న కాడకి ఇనపకీ తగిలించి ఇటు తిప్పితే రేకు ఈ నోరు మూస్తుంది, అటు తిప్పితే ఆ నోరు మూస్తుంది. ఒక గొట్టం నేతపనివాళ్లుండే సాలివీధికి, రెండోది ఆఫీసర్ల కాలనీకి. నీళ్లు ఎటు పోతున్నాయో చూపించడానికి కాడ నెత్తిన ఒక బాణం గుర్తు ఉంది.

వాల్వు బిగించిన నాడే ఒక పొరపాటు జరిగిపోయింది. అప్పటికే భూమిలో వేసేసిన గొట్టాలు రెండూ గొయ్యి దగ్గరికి వచ్చేసరికి తారుమారయ్యాయి. సాలివీధి గొట్టం కాలనీ నోటి పక్కకి, కాలనీ గొట్టం సాలివీధి నోటి పక్కకి వచ్చాయి. మళ్లీ తవ్వడానికి బద్ధకించి కాంట్రాక్టరు ఏ గొట్టం దగ్గరగా ఉంటే దాన్ని ఆ నోటికి తగిలించి బోల్టులు బిగించేశాడు. ఆనాటినుంచీ బాణం సాలివీధిని చూపిస్తే నీళ్లు కాలనీకి పోతాయి, కాలనీని చూపిస్తే సాలివీధికి పోతాయి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరికీ ఇబ్బంది లేదు, ఎందుకంటే వాల్వు తిప్పే దాలినాయుడు బాణం వంక ఎప్పుడూ చూడలేదు.

దాలినాయుడు కీని కాడకి తగిలించి, దాని పైకొసకి చెవి ఆనించేవాడు. సాలివీధి గొట్టం సన్నగా గురకపెడుతుందనీ, కాలనీ గొట్టం దగ్గుతుందనీ నాకొకసారి చెప్పాడు. నేనూ చెవి ఆనించాను, నాకు రెండూ ఒకలాగే వినిపించాయి. పొద్దున్న అయిదు నుంచి ఏడు దాకా సాలివీధికి, ఏడు నుంచి తొమ్మిది దాకా కాలనీకి, పదిహేడేళ్లపాటు ఒక్కరోజు తప్పకుండా నీళ్లు వదిలాడు. ఆ పదిహేడేళ్లూ అతను టెంపరరీయే. ఆ ఏడు ప్రభుత్వం దయతలిచి పాత టెంపరరీ వాళ్లని పర్మినెంటు చెయ్యమంది. దానికి ఒకటే షరతు, ఆరు నెలలపాటు మనిషి మీద ఒక్క రిమార్కూ ఉండకూడదు. దాలినాయుడు ఫైలు నా బల్ల మీదే ఉండేది. రోజూ డ్యూటీ దిగి వచ్చి దాన్నొకసారి చూసుకుని, నాకో దణ్ణం పెట్టి వెళ్లేవాడు. అతను దణ్ణం పెట్టింది నాకు కాదనీ, ఫైలుకనీ నాకు తెలుసు.

అలాంటి సమయంలో మాకు కొత్త కమిషనరు వచ్చాడు. చక్రధరరావుగారు లంచం తీసుకోడు, సెలవు పెట్టడు, మీటింగుకి ఆలస్యంగా రాడు. ఇంతకన్నా ప్రమాదకరమైన మనిషిని నా సర్వీసులో చూడలేదు. వచ్చిన నెలకే రాజధానిలో ప్రామాణీకరణ మీద మూడు రోజుల శిక్షణకి వెళ్లి, నాలుగో రోజు పొద్దున్న మమ్మల్నందరినీ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఏకరూపతే సుపరిపాలనకు పునాది. క్షేత్రస్థాయి సిబ్బంది తమ సొంత చెవుల మీద ఆధారపడటం అశాస్త్రీయం, అప్రజాస్వామికం కూడా" అన్నాడు.

అప్రజాస్వామికం ఎలాగో ఎవరూ అడగలేదు. సాయంత్రానికి సర్క్యులరు తయారైంది. వాల్వుయొక్క స్థితిని బాణపు గుర్తును బట్టి మాత్రమే నిర్ధారించవలెననీ, చెవి, చేయి, అనుభవము మున్నగు అనధికార సాధనముల వినియోగము ఇందుమూలముగా నిషేధించడమైనదనీ, బాణపు దిశను గంటగంటకు రిజిస్టరులో నమోదు చేయవలెననీ అందులో ఉంది. ఆపరేటరు తప్ప అన్యులెవరూ కీని తాకరాదని కూడా ఉంది. ఆ చివరి నిబంధన నేనే చేర్చాను, పేజీ నిండలేదని.

సర్క్యులరు చదివి వినిపించినప్పుడు దాలినాయుడు చెయ్యెత్తాడు.

"బాబూ, ఆ బాణం అబద్దం సెప్తాదండి. అదిటు సూపిత్తే నీళ్లటెల్తాయండి."

కమిషనరు కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు. వాల్వు నక్షా తెప్పించమన్నాడు. మా డిప్యూటీ ఇంజనీరు, అంటే డి.ఇ., త్రినాథ్‌గారు బీరువాలోంచి నక్షా తీసి దుమ్ము దులిపి పరిచారు. నక్షాలో గొట్టాలు బుద్ధిగా, ఎక్కడివక్కడ ఉన్నాయి. కింద మూడు సంతకాలు, రెండు సీళ్లు ఉన్నాయి. వాల్వు తప్పంటే నక్షా తప్పనాలి, నక్షా తప్పంటే దాన్ని ఆమోదించిన ప్రభుత్వం తప్పనాలి అని కమిషనరు ఎంతో సౌమ్యంగా వివరించాడు. మీరు అనేది అదేనా అని దాలినాయుడిని అడిగాడు. డి.ఇ. గారు పక్కనుంచి దాలినాయుడి మోచెయ్యి గిల్లి, రిమార్కు సంగతి గుర్తు చేశారు. దాలినాయుడు కాదండి అని కూర్చున్నాడు.

మర్నాటినుంచి బాణం రాజ్యం మొదలైంది. అయిదు గంటలకి బాణం సాలివీధి వైపు తిరిగింది, నీళ్లు కాలనీకి పోయాయి. ఏడింటికి బాణం కాలనీ వైపు తిరిగింది, అప్పుడు సాలివీధికి నీళ్లొచ్చాయి. ఇంతమటుకైతే పెద్ద ప్రమాదం లేదు, వేళలు మారాయంతే. కాని సాలివీధివాళ్లు తెల్లవారకుండా బిందెలు వరసలో పెట్టి రెండు గంటలు కూర్చుని, అయిదు గంటలకి రావలసిన నీళ్లు రావడం లేదని అర్జీ పెట్టుకున్నారు.

అర్జీ చదివి కమిషనరు నిజంగా కరిగిపోయాడు. పేదల వీధికి రెండు గంటల సరఫరా చాలడం లేదని అర్థం చేసుకుని, కాలనీ వాటాలోంచి ఒక గంట తీసి సాలివీధికి కలిపాడు. అంటే బాణం సాలివీధి వైపు మూడు గంటలుంది. అంటే కాలనీకి మూడు గంటలు నీళ్లు పోయాయి, సాలివీధికి ఒక్క గంట మిగిలింది. మళ్లీ అర్జీ వచ్చింది, ఈసారి వేలిముద్రలు ఎక్కువున్నాయి. ఆయన ఇంకో అరగంట కూడా ఇచ్చేశాడు. మూడో అర్జీ వచ్చేసరికి ఆయన కళ్లు చెమర్చాయి. రిజర్వులో ఉన్న నీళ్లన్నీ కలిపి సాలివీధికి రోజుకి ఇరవైనాలుగు గంటల సరఫరా మంజూరు చేశాడు. బాణాన్ని సాలివీధి వైపు తిప్పి అలాగే వదిలెయ్యమన్నాడు. సాలివీధిలో కుళాయిలు ఆ రోజుతో ఎండిపోయాయి.

మూడో రోజున బంగారమ్మ వచ్చింది. సాలివీధి మొగలో ఇడ్లీల బడ్డీ ఆవిడది. వెనక ఇరవైమంది ఆడవాళ్లు, చేతుల్లో ఖాళీ బిందెలు. కమిషనరు కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టి, రాష్ట్రంలో ఏ వీధికీ లేని భాగ్యం మీకు దక్కింది, ఇదిగో రుజువని రిజిస్టరు తెరిచి చూపించాడు. గంటగంటకీ ఎదురుగా 'సాలివీధి, సాలివీధి' అని వరసగా ఉంది. అది దాలినాయుడి రాత. వంకరగా ఉన్నా చదవడానికి వస్తుంది.

"ఆ పుస్తకం ఇలగివ్వండి బాబూ, ఇంటికట్టుకెల్లి పిండుకుంటాం" అంది బంగారమ్మ.

ప్రజల్లో వాల్వు అక్షరాస్యత పెంచాలని కమిషనరు నన్ను నోట్ చేసుకోమన్నాడు. నోట్ చేసుకున్నాను.

ఇటు కాలనీ సంగతి చూడాలి. ట్యాంకు నీళ్లన్నీ రాత్రింబగళ్లు అటే పోతుంటే సంపులు పొంగాయి, కాలువలు పొంగాయి, వారం తిరిగేసరికి వీధుల్లో పిక్కలలోతు నీళ్లు నిలిచాయి. కమిషనరు బంగళా కాలనీలో అన్నిటికన్నా పల్లంలో ఉంది. ఆయన ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని ఆఫీసుకి వచ్చేవాడు. అయినా ఒక్కనాడు కూడా సొంత ఇంటికోసం నియమం సడలించలేదు. మామూలు ఆఫీసరయితే తన ఇంట్లోకి నీళ్లు వచ్చిన గంటలో వాల్వు తవ్వించేవాడు. నిజాయితీపరుడు కావడంవల్ల ఊరికి ఎంత నష్టం జరగగలదో అప్పుడే తెలిసింది నాకు.

బాణం ప్రకారం కాలనీకి చుక్క నీరు సరఫరా కావడం లేదు. కాబట్టి కాలనీలో ఉన్నది పురపాలక సంఘం నీరు కాదు. దానికి ఆయన 'అజ్ఞాత జలం' అని పేరుపెట్టాడు. మూలం తెలియని నీళ్లు ఆరోగ్యానికి హానికరం కనక ఎవరూ ముట్టుకోకూడదని దండోరా వేయించాడు. వారం రోజులుగా సరఫరా లేని ప్రాంతాన్ని నీటి ఎద్దడి ప్రాంతంగా ప్రకటించాలని నిబంధన ఉంది, ప్రకటించాడు. ఎద్దడి ప్రాంతానికి ట్యాంకర్లు పంపాలని ఇంకో నిబంధన ఉంది, పంపాడు. ట్యాంకరు డ్రైవరు బండిని నీళ్లలో ఈదించుకుంటూ వెళ్లి, సంపు ఎక్కడుందో కర్రతో పొడిచి వెతికి, మునిగి ఉన్న సంపులోకి గొట్టం దించి నీళ్లు పోసేవాడు. కాలనీవాళ్లు వరండాల్లో కుర్చీల మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుని, ట్యాంకరు అందినట్టు సంతకాలు పెట్టేవాళ్లు. వాళ్లంతా ఉద్యోగస్తులు. సంతకం పెట్టమన్నచోట పెట్టడం వాళ్లకి అలవాటే.

సాలివీధికి పది రోజులు నిరంతరంగా నీళ్లు పోతే వీధిలో ఎంత లోతు నిలవాలో లెక్క కట్టమని కమిషనరు డి.ఇ. గారికి పురమాయించాడు. డి.ఇ. గారు తెలివైనవారు. వాల్వు సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు, తెలిసినట్టు కనబడకూడదన్న సంగతి ఇంకా బాగా తెలుసు. నాలుగడుగుల మూడంగుళాలు అని తేల్చారు. సర్వేకి వెళ్లినవాళ్లు దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చి, నీరు దృష్టికి రాలేదని రిపోర్టు రాశారు. ప్రవాహం నేలలోపల ఉండవచ్చుననీ, కనబడని నీరు కనబడే నీటికన్నా ప్రమాదకరమనీ కమిషనరు మార్జినులో రాసి, సాలివీధిని జలమయ ప్రాంతంగా ప్రకటించాడు. పడవలు అలా వచ్చాయి.

లారీ మీద రెండు ప్లాస్టిక్ పడవలు, నలభై లైఫ్ జాకెట్లు వచ్చాయి. వాటిని అప్పగించి సంతకం తీసుకురమ్మని నన్నే పంపారు. వీధి చివరిదాకా ఎండ కాస్తోంది. మగ్గాలు నిలిచిపోయి పదిరోజులైంది, నూలుకి గంజి పెట్టడానికి నీళ్లు లేవు. సామాను దింపించి, సంతకం ఎవరు పెడతారని అడిగాను. బంగారమ్మ పడవ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది.

"ఏటి బాబూ, పడవ తెచ్చినారు, బాగుంది. దీన్ని తేల్చడానికి రెండు బిందెల నీళ్లయినా తెచ్చినారా?"

సంతకం మటుకు పెట్టించుకుని వచ్చేశాను. పడవల్లో కోళ్లు కాపురం పెట్టాయని తరవాత విన్నాను.

అందరికన్నా ఎక్కువ నలిగిపోయినవాడు దాలినాయుడు. అతని కాపురం సాలివీధిలోనే. వాల్వు తిప్పేది అతనే అయినప్పుడు నీళ్లు ఆపింది కూడా అతనే కదా అన్నారు వీధివాళ్లు. అతనితో మాటలు మానేశారు. బడ్డీ దగ్గరికి వెళితే బంగారమ్మ గిన్నెలు బోర్లించేది. పెళ్లాం గౌరమ్మ పొద్దున్నే మూడు మైళ్ల దూరంలో ఎవరిదో పంపుసెట్టు దగ్గరికి వెళ్లి, రెండు బిందెలు మోసుకొచ్చేది. మొగుడితో ఆవిడ కూడా మాట్లాడడం లేదు, వండి ఎదర పెట్టి లేచిపోతోందిట. ఇవన్నీ అతను నా బల్ల ముందు నిలబడి నెమ్మదిగా చెప్పాడు. ఫిర్యాదుగా చెప్పలేదు.

"ఒక్కసారి తిప్పెయ్యాలనుంటాదండి. తిప్పితే రిమార్కు రాత్తారు కదండి" అన్నాడు.

రాస్తారన్నాను. ఇంకా పద్దెనిమిది రోజులే కదా, ఓపిక పట్టమన్నాను. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ నాకు సిగ్గుగానే ఉంటుంది. రిమార్కు రాయవలసింది నేనే మరి.

ఈలోగా మా ఇరవైనాలుగు గంటల సరఫరా వార్త పేపర్లో వచ్చి రాజధానిదాకా వెళ్లింది. పై ఆఫీసునుంచి డైరెక్టరుగారు స్వయంగా సాలివీధికి వచ్చి, కుళాయి తిప్పి చూసి, రాష్ట్రస్థాయి పురస్కారం ఇస్తారని ఉత్తరం వచ్చింది. కమిషనరు నిశ్చింతగా ఉన్నాడు, ఆయనకి బాణం మీద నమ్మకం. డి.ఇ. గారికి చెమటలు పట్టాయి. కుళాయికి రిజిస్టరు చదవడం రాదని ఆయనకి తెలుసు.

డైరెక్టరు వచ్చే రోజు పొద్దున్న డి.ఇ. గారు నన్ను వెంటబెట్టుకుని మెట్ట దగ్గరికి వచ్చారు. అటూ ఇటూ చూసి, దాలినాయుడితో గొంతు తగ్గించి చెప్పారు. నీళ్లు నిజంగా సాలివీధికి పోయేలా తిప్పమన్నారు. అరగంట చాలు, డైరెక్టరు కారెక్కగానే మళ్లీ ఎప్పటిలా పెట్టెయ్యమన్నారు.

"మరి బాణమో?" అన్నాడు దాలినాయుడు.

"దాని మీద గోనెసంచి కప్పు. ఇదంతా నోటిమాట, తెలిసిందా? కాయితం గీయితం ఉండదు."

దాలినాయుడు తలూపి కీ తిప్పాడు. చాలా రోజుల తరవాత కీ పైకొసకి చెవి ఆనించాడు, నిషేధం సంగతి ఎవరూ గుర్తు చెయ్యలేదు. గోనె కప్పి, గొయ్యి మీద మూతపెట్టి మాతోపాటు సాలివీధికి వచ్చాడు.

డైరెక్టరుగారు బంగారమ్మ ఇంటిముందు కుళాయి తిప్పారు. ముందు గాలి వచ్చింది. తరవాత తుప్పు నీళ్లు, ఆ తరవాత తెల్లగా ధార కట్టాయి. అంతే, వీధి వీధంతా కదిలింది. బిందెలు, గంగాళాలు, గంజి తొట్లు, ఆఖరికి మేం ఇచ్చిన పడవలు కూడా మోసుకొచ్చి కుళాయిల కింద పెట్టారు. ఇరవైనాలుగు గంటలూ వచ్చే నీళ్లకి ఇంత తొందరేమిటని డైరెక్టరు అడిగారు.

"ఇది ఇక్కడి సంస్కృతి సార్. నీటిని వీళ్లు ఎదురేగి ఆహ్వానిస్తారు" అన్నాడు కమిషనరు. ఆయన ఆ మాట మనస్ఫూర్తిగా నమ్మే అన్నాడు.

ఫొటోలు తీశారు. నేను దాలినాయుడి పక్కనే ఉన్నాను. అతను డైరెక్టర్ని చూడడం లేదు. నాలుగిళ్ల అవతల గౌరమ్మ బిందె నింపుకుంటోంది. బిందె నిండి పొర్లుతున్నా ఆవిడ ఎత్తుకోకుండా ఆ ధార కింద చెయ్యి పెట్టి అలాగే నిలబడింది. కాసేపటికి తలెత్తి దాలినాయుడి వంక చూసి, లోటాతో నీళ్లు ముంచి తెచ్చి అతని చేతికిచ్చింది. అతను గటగటా తాగేశాడు.

పురస్కారం ఇచ్చి డైరెక్టరు కారెక్కారు, వెనక కారులో కమిషనరు వెళ్లాడు. డి.ఇ. గారు, నేను, దాలినాయుడు మళ్లీ గొయ్యి దగ్గరికి వచ్చాం. నీళ్లు మళ్లీ ఆపేస్తారని పసిగట్టి, మేం వెళ్లేసరికే బంగారమ్మ, నలభైమంది ఆడవాళ్లు గొయ్యి చుట్టూ చేరి కూర్చున్నారు. డి.ఇ. గారు వాళ్లని పట్టించుకోకుండా ఇక తిప్పెయ్యమన్నారు.

దాలినాయుడు కీ కింద పెట్టాడు.

"కాయితం రాయండి బాబూ."

అతను ఎదురు చెప్పడం అంతకుముందు నేను చూడలేదు. డి.ఇ. గారు రిమార్కు అన్నారు, పర్మినెంటు అన్నారు. అన్నిటికీ అతను ఆ ఒక్క మాటే చెప్పాడు. ఇంకెప్పుడైనా అయితే డి.ఇ. గారు తనే కీ తీసుకుని తిప్పేవారేమో. కాని ఆపరేటరు తప్ప అన్యులు తాకరాదని సర్క్యులరుంది, చుట్టూ నలభైమంది సాక్షులున్నారు. చివరికి నావైపు తిరిగి, ఏదో ఒక ఆర్డరు రాసి పడెయ్యమన్నారు.

నేను గట్టు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టాను. బాణమును సాలివీధి వైపు తిప్పవలెను అని రాశాను. అలా రాస్తే ఇప్పుడు బాణం సాలివీధి వైపు లేదని ఒప్పుకున్నట్టే, మరి డైరెక్టరు చూసిన నీళ్లు ఎలా వచ్చాయంటారు? కొట్టేశాను. సాలివీధికి నీటిని నిలిపివేయవలెను అని రాశాను. పురస్కారం తీసుకుని గంట కాలేదు, కొట్టేశాను. పూర్వస్థితికి తేవలెను అని రాశాను. పూర్వస్థితి ఏమిటో వివరించమని ఆడిట్‌లో ఎవడైనా అడిగితే ముగ్గురం ఇంటికి పోతాం. అది కూడా కొట్టేశాను. తెలుగులో రాయడానికి వీల్లేని ఆర్డరు ఒకటుందని ఆవేళ తెలుసుకున్నాను. డి.ఇ. గారు కాయితం లాక్కుని తనూ ప్రయత్నించి, ఉండచుట్టి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

నీళ్లు సాలివీధికి వస్తూనే ఉన్నాయి. విచిత్రమేమిటంటే, ఆ రోజునుంచి మా రిజిస్టర్లన్నీ నిజమైపోయాయి. సాలివీధికి ఇరవైనాలుగు గంటల సరఫరా అని ఉంది, అలాగే ఉంది. కాలనీలో నీటి ఎద్దడి అని ఉంది, నీళ్లింకిపోయి అక్కడ నిజంగానే ఎద్దడి వచ్చింది. ట్యాంకరు వస్తే పరిగెత్తుకెళ్లి పట్టుకుంటున్నారు. అజ్ఞాత జలం తగ్గుముఖం పట్టినందుకు కమిషనరు సంతోషించి, తను మొదటినుంచీ చెబుతున్నది ఇదేనన్నాడు. కాదనడానికి నా దగ్గర ఒక్క కాయితం లేదు.

దాలినాయుడి మీద రిమార్కు కూడా ఎవరూ రాయలేకపోయారు. వాల్వు తిప్పాడని రాస్తే ఎటు తిప్పాడో రాయాలి. పద్దెనిమిది రోజులూ గడిచాయి. అతని ఫైలు పైన పెట్టుకుని, మంచి జరుగుతుందేమోనని నేను కూడా ఆశపడ్డాను. ఫైలు కమిషనరు గదిలోంచి మర్నాడే తిరిగొచ్చింది. నిరంతర సరఫరా సాధించినందున వాల్వు తిప్పవలసిన అవసరం ఇకమీదట లేదనీ, అవసరం లేనిచోట ఉద్యోగం ఉండటం ప్రామాణీకరణకు విరుద్ధమనీ, అందువల్ల వాల్వు ఆపరేటరు పోస్టునే రద్దు చేయవలెననీ ఆయన ఆకుపచ్చ సిరాతో రాశాడు. ఆ ఆర్డరు మటుకు సులువుగా కుదిరింది. ఒక్క కొట్టివేత లేకుండా పది నిమిషాల్లో రాశాను.

దాలినాయుడిని పిలిచి చదివి వినిపించాను. అతను నిలబడే విన్నాడు. పదిహేడేళ్లు ఒక కాయితంలో అయిపోయాయి. నన్ను తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. అతను అలాంటిదేం చెయ్యకుండా, కీ ఎవరికి అప్పజెప్పాలని అడిగాడు. నిబంధనలు తిరగేశాను. కీ ఆపరేటరు ఆధీనములో మాత్రమే ఉండవలెనని ఉంది. ఆపరేటరు పోస్టు లేదు కనక పుచ్చుకునే మనిషి లేడు. స్టోరువాళ్లు మాకు సంబంధం లేదన్నారు. దాలినాయుడు ఆ ఇనపకీని భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

తరవాత అతను సాలివీధిలో ఎవరి మగ్గానికో నూలు చుట్టే పనికి కుదిరాడు. బంగారమ్మ రోజూ ఇడ్లీలు పంపిస్తోందని విన్నాను. రెండు వారాలయ్యాక ఒకరోజు పొద్దున్న ఏడింటికి మెట్టవైపు వెళితే, గొయ్యి మూత తీసి ఉంది. దాలినాయుడు లోపల వంగి కీ తిప్పుతున్నాడు. నీళ్లు కాలనీకి వదులుతున్నాడు. ఎవరు చెప్పారని అడిగాను.

"ఒకరు సెప్పాలేటండి. అక్కడా పిల్లా జెల్లా ఉన్నారు కదా. ఆళ్లూ తాగాల. రెండేసి గంటలు, ఎప్పట్నాగే" అన్నాడు.

జీతం లేదు కదా అన్నాను. లేదండి అని, తొమ్మిదింటికి మళ్లీ రావాలని చెప్పి పనిలోకి వెళ్లిపోయాడు. నేను ఆ గొయ్యి దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. మొత్తం ఊరికి సరిగ్గా నీళ్లిస్తున్న ఒక్క మనిషీ మా ఆఫీసులో లేనివాడని అనుకుంటే నాకు నవ్వొచ్చింది.

నెల తిరగకుండా కమిషనరుకి అనుమానం వచ్చింది. వాకిట్లో కుళాయి రోజూ ఏడింటికి దగ్గుతోందిట. వాల్వును ఎవరో అనధికారికంగా తాకుతున్నారనీ, ఆ గుర్తు తెలియని వ్యక్తిని పట్టుకుని పోలీసులకి అప్పగించాలనీ, వెంటనే విచారించి రిపోర్టు ఇవ్వమనీ నాకు మెమో ఇచ్చాడు. డి.ఇ. గారు మెమో చూసి సెలవు మీద వెళ్లిపోయారు.

విచారణ చేశాను. అంటే మర్నాడు ఏడింటికి గొయ్యి దగ్గరికి వెళ్లి, దాలినాయుడు మూత ఎత్తుతుంటే ఒక చెయ్యి వేశాను. ఆఫీసుకి వచ్చి రిపోర్టు రాశాను. క్షేత్రస్థాయిలో క్షుణ్ణముగా విచారించగా వాల్వు వద్ద అట్టి వ్యక్తి ఎవరూ లేరని, రారని, ఇంతకుముందు కూడా వచ్చియుండలేదని తేలినది అని రాసి సంతకం పెట్టాను. ఒకరు చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి అబద్ధం అది.